ఆన్‌లైన్ సెమినార్‌కు మొదటిసారి కూర్చునే టీచర్ల కోసం

ఈ మధ్య మా స్టాఫ్ రూంలో ఒక సారు నన్ను పక్కకు పిలిచి అడిగారు. "మేడం, ఆదివారం ఏదో ఆన్‌లైన్ సెమినార్ అంట, గ్రూపులో లింకు పెట్టినారు. లోపలికి పోయినాక ఏం చేయాలో, ఎవరన్నా పేరు పెట్టి పిలిస్తే ఏం మాట్లాడాలో తెలీదు. పోవాలనే ఉంది గానీ టెన్షన్‌గా ఉంది." ఆయనకు ఇరవై ఏళ్లు దాటిన సర్వీసు. ఎంత అల్లరి క్లాసునైనా గొంతు పెంచకుండా కూర్చోబెట్టే మనిషి. అలాంటాయన ఒక లింకు ముందు ఆగిపోయారు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయనకు చెప్పిన మాటలే ఇక్కడ వరుసగా రాస్తున్నాను. నేను తిరుపతిలో ఉంటాను, పాకాల వైపు ఒక హైస్కూల్లో లెక్కలు చెప్తాను. 2020లో బళ్లు మూతపడ్డప్పుడు మొదటిసారి ఇలాంటి సెమినార్‌లో కూర్చున్నాను. ఇరవై నిమిషాల పాటు తెర మీద మనుషుల పెదాలు కదులుతున్నాయి, నాకు మాత్రం ఏమీ వినపడలేదు. నెట్ బాగాలేదనుకుని బయటికి వచ్చేశాను. నెట్ బాగానే ఉంది, నేను ఒక బటన్ నొక్కలేదు, అంతే. ఆ బటన్ సంగతి కింద వస్తుంది. ఆ రోజు ఎవరైనా ముందుగా చెప్పి ఉంటే ఒక మంచి పాఠం పోగొట్టుకునేదాన్ని కాదు కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఒకప్పుడు కుప్పంలో పనిచేసే టీచరు తిరుపతిలో ఒక సెమినార్ వినాలంటే పలమనేరు, చిత్తూరు దాటుకుని రావాలి. వినేది మూడు గంటలైతే పోనూ రానూ రోజంతా బస్సులోనే. చిన్నపిల్లలున్న తల్లులు, ఇంట్లో పెద్దవాళ్లను చూసుకునేవాళ్లు అసలు రాలేకపోయేవారు. ఇప్పుడు కుప్పం మేడం, సత్యవేడు సారు, ముంబైలోనో మైసూరులోనో ఉన్న ప్రొఫెసరు ఒకే తెర మీద కూర్చుంటున్నారు. 2020 జాతీయ విద్యా విధానం కూడా ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు తన వృత్తి నేర్చుకోవడానికి ఇవ్వాలని చెప్పింది. ఆ గంటల్లో కొన్నైనా మనం మనసుపెట్టి ఎంచుకున్నవి ఉండాలని నా కోరిక.

ముందు మీ క్లాసు నుంచి ఒక ప్రశ్న తీసుకోండి

చాలామంది లింకుతో మొదలుపెడతారు. నేను నోటుబుక్కుతో మొదలుపెట్టమంటాను. ఈ నెలలో మీ పిల్లలు ఎక్కడ ఆగిపోయారో ఒక్క వాక్యంలో రాయండి. "మూడో తరగతి పిల్లలు ఒత్తులు వస్తే చదవలేకపోతున్నారు." "ఎనిమిదో తరగతిలో ఆడపిల్లలు ప్రయోగం దగ్గరికి రావడం లేదు." ఇలా.

నాది భిన్నాల గొడవ. ఆరో తరగతిలో 1/2 కు 1/3 కలపమంటే క్లాసులో సగానికి పైగా 2/5 అని రాశారు. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపేశారు. క.సా.గు. పద్ధతి మూడుసార్లు చెప్పాను. పరీక్షలో మళ్లీ అదే 2/5. పిల్లలు పద్ధతి మరిచిపోతున్నారా, లేక భిన్నం అంటే ఏమిటో వాళ్లకు అసలు పట్టలేదా? ఈ ప్రశ్న రాసుకున్నాక భిన్నాలు చెప్పడం మీద ఒక సెమినార్ ఉందని గ్రూపులో కనపడింది. ప్రశ్న చేతిలో ఉంది కాబట్టి ఆ నోటీసు నా కంట పడింది. లేకపోతే రోజూ వచ్చే పాతిక ఫార్వర్డుల్లో అదీ ఒకటిగా కొట్టుకుపోయేది.

నోటీసు చూసేటప్పుడు నాలుగు సంగతులు చూడండి: ఎవరు మాట్లాడుతున్నారు, ఏ భాషలో, ఎంతసేపు, ప్రశ్నలు అడగడానికి టైం ఇచ్చారా. సర్టిఫికెట్ ఉందా లేదా అన్నది ఆ తర్వాత. సర్టిఫికెట్ బొమ్మ పెద్దగా వేసి, మాట్లాడేవాళ్ల పేరు ఎక్కడో మూలన పెట్టి, ముందు డబ్బు కట్టమనే నోటీసులను నేను పక్కన పెట్టేస్తాను.

ఎన్.సి.ఇ.ఆర్.టి. యూట్యూబ్ ఛానల్‌లో టీచర్ల కోసం ప్రత్యక్ష ప్రసారాలు వస్తుంటాయి, డబ్బు కట్టక్కర్లేదు. మొదటిసారి కూర్చునేవాళ్లకు అవి భయం లేని చోటు, ఎందుకంటే అక్కడ మిమ్మల్ని ఎవరూ పేరుపెట్టి పిలవరు. దీక్ష అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చేసే కోర్సులు మాత్రం వేరే రకం. టీచర్ల కోసం 2019లో మొదలైన నిష్ఠా శిక్షణ 2020లో దీక్ష మీదికి వచ్చినప్పుడు మనలో చాలామంది చేశాం కదా, అవి రికార్డు చేసి పెట్టినవి, మన వీలు చూసుకుని చేసుకోవచ్చు. సెమినార్ అలా కాదు, ఆ గంటకు ఎదుట మనిషి ఉంటారు, అడిగితే జవాబు చెప్తారు. అందుకే ప్రశ్నతో వెళ్లమంటున్నాను.

మూడు రకాల గదులు

లింకు జూమ్‌దా, గూగుల్ మీట్‌దా, యూట్యూబ్‌దా అన్నది చూడండి. దాన్ని బట్టి లోపల మీకు ఏం చేతనవుతుందో తెలుస్తుంది.

జూమ్ మీటింగ్, గూగుల్ మీట్ రెండూ చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే మన కాంప్లెక్స్ మీటింగు లాంటివి. అందరూ అందరికీ కనపడతారు, మైకు ఎవరైనా వేసుకోవచ్చు. జూమ్‌లోనే వెబినార్ అని ఇంకోటి ఉంది. అది పెద్ద సభ. వేదిక మీదివాళ్లే కనపడతారు, నడిపేవాళ్లు వీలిస్తే తప్ప మీ కెమెరా, మైకు తెరుచుకోవు. ప్రశ్నను క్యూ అండ్ ఏ అనే పెట్టెలో టైపు చేయాలి. "నా ముఖం అందరికీ కనపడుతుందేమో" అని భయపడేవాళ్లు వెబినార్ అన్న మాట కనపడితే నిశ్చింతగా వెళ్లవచ్చు. యూట్యూబ్ లైవ్‌లో మనం చూడటమే, పక్కన చాట్‌లో రాయాలంటే జీమెయిల్‌తో లాగిన్ అయి ఉండాలి. అక్కడ ప్రసారం కొన్ని సెకన్లు వెనకబడి వస్తుంది కాబట్టి "ప్రశ్నలుంటే అడగండి" అనేదాకా ఆగకుండా, మనసులోకి రాగానే రాసేయడం మేలు.

ఇంకో చిన్న సంగతి తెలుసుకుంటే కంగారు తప్పుతుంది. ఉచిత ఖాతాతో పెట్టిన జూమ్ మీటింగు 40 నిమిషాలకు దానంతట అదే మూసుకుపోతుంది. గూగుల్ మీట్‌లో ముగ్గురు, అంతకన్నా ఎక్కువమంది ఉంటే ఉచితంగా 60 నిమిషాలే. చిన్న బృందాలు పెట్టే సెమినార్లలో ఇది తరచూ జరుగుతుంది. తెర హఠాత్తుగా నల్లబడితే మీరేదో తప్పు నొక్కారని అనుకోకండి. గ్రూపు చూడండి, అదే లింకుతో మళ్లీ రమ్మనో, కొత్త లింకో పెట్టి ఉంటారు.

రిజిస్ట్రేషన్ దగ్గర పేరు

ఇక్కడ ఒక అయిదు నిమిషాలు నిదానించండి. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ చాలాసార్లు ఒక్క అక్షరమే. ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులుంటాయి. ఒక్కొక్కసారి ఒక్కోలా నింపితే సర్టిఫికెట్ మీద ఒకసారి ఇంటిపేరు ముందు, ఒకసారి వెనక, ఒకసారి అసలు లేకుండా వస్తుంది. మీ సర్వీసు రిజిస్టరులో ఏ స్పెల్లింగు ఉందో దాన్ని ఫోన్‌లో నోట్‌గా రాసిపెట్టుకోండి. అసలు పేరు ఫస్ట్ నేమ్‌లో, ఇంటిపేరు లాస్ట్ నేమ్‌లో వేయండి. ఒకే గడి ఉంటే రిజిస్టరులో ఉన్నట్టే వేయండి. ఈమెయిల్ ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి, ఒక్క అక్షరం తప్పినా లింకు వేరే ఎక్కడికో పోతుంది.

జూమ్‌లో రిజిస్టరు చేసుకుంటే మెయిల్‌కు వచ్చే లింకు మీ ఒక్కరిదే. "మేడం, నాకూ పంపండి" అని పక్క టీచరు అడిగితే ఆ లింకు పంపకండి. వాళ్లు మీ పేరుతో లోపలికి వెళ్తారు, హాజరు లెక్క గందరగోళమవుతుంది. రిజిస్ట్రేషన్ ఫారం లింకు పంపండి, వాళ్ల లింకు వాళ్లకు వస్తుంది. మెయిల్ రాకపోతే స్పామ్ ఫోల్డరులో చూడండి.

జాగ్రత్త కూడా చెప్పాలి. సెమినార్‌కు ఓటీపీతో, బ్యాంకు వివరాలతో పని లేదు. వాట్సాప్‌లో ఏ.పి.కె. అని చివర ఉన్న ఫైలు పంపి "ఇది ఇన్‌స్టాల్ చేస్తేనే సెమినార్ తెరుచుకుంటుంది" అంటే ముట్టుకోకండి. జూమ్ అయినా మీట్ అయినా ప్లే స్టోర్ నుంచే దించుకోవాలి.

గంట లెక్క

మన దేశంలోవాళ్లు పెట్టే సెమినార్లకు ఈ బాధ లేదు. బయటి దేశాలవాళ్లవైతే టైం జాగ్రత్తగా మార్చుకోవాలి. జి.ఎం.టి. అని ఉంటే అయిదున్నర గంటలు కలపండి, ఉదయం 10 అంటే మనకు మధ్యాహ్నం 3:30. న్యూయార్క్ టైం చలికాలానికీ ఎండాకాలానికీ మారుతుంది. అక్కడ ఉదయం 10 అంటే జూలైలో మనకు రాత్రి 7:30, జనవరిలో 8:30. లెక్క తేలగానే ఫోన్‌లో రెండు అలారాలు పెట్టుకోండి, ముందురోజు సాయంత్రం ఒకటి, మొదలవడానికి అరగంట ముందు ఒకటి.

ముందురోజు ఒక రిహార్సల్

నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే. బళ్లో ఇన్‌స్పెక్షన్ ఉందంటే ముందురోజు బోర్డు తుడిపించి, టి.ఎల్.ఎం., అంటే పాఠానికి వాడే సామగ్రి, సర్దుకుంటాం కదా, ఇదీ అంతే. అరగంట చాలు. ఆ అరగంట పెట్టినవాళ్లకు మర్నాడు సగం భయం ఉండదు.

జూమ్‌కు ఒక పరీక్ష పేజీ ఉంది. బ్రౌజరులో జూమ్ డాట్ యు.ఎస్. స్లాష్ టెస్ట్ అని ఇంగ్లీషులో కొడితే ఒక ఉత్తుత్తి మీటింగు తెరుచుకుంటుంది. మీ గొంతు మీకే వినిపిస్తుంది, కెమెరా ఎలా ఉందో కనపడుతుంది. అంతకన్నా మంచిది ఇంట్లోవాళ్లతోనో స్నేహితురాలితోనో పది నిమిషాలు ఒక మీటింగు పెట్టుకోవడం. అందులో ఈ పనులు చేసి చూడండి: మైకు మూయడం, తెరవడం, కెమెరా మూయడం, తెరవడం, చాట్‌లో ఒక వాక్యం రాయడం, చెయ్యి ఎత్తడం, దించడం, మీ పేరు మార్చుకోవడం, బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లడం. చివరిది తప్పకుండా చేయండి. ఒకసారి మళ్లీ లోపలికి వెళ్లగలిగితే, మర్నాడు నెట్ పోయినా గుండె జారదు.

ఇప్పుడు నేను మొదట నొక్కని ఆ బటన్. ఫోన్‌లో జూమ్ తెరవగానే ఆడియో ఎలా కలపాలని అడుగుతుంది. వైఫై ఆర్ సెల్యులార్ డేటా అన్న వరుసను నొక్కాలి. నొక్కకుండా ఆ పెట్టె మూసేస్తే బొమ్మలు కనపడతాయి, మాట వినపడదు. అప్పుడు కింద ఎడమ పక్కన ఉండే హెడ్‌ఫోన్ గుర్తు, లేదా జాయిన్ ఆడియో అన్న మాట, నొక్కితే మళ్లీ అదే అడుగుతుంది. కొత్తవాళ్లలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే.

పేరు సంగతి కూడా రిహార్సల్‌లోనే తేల్చుకోండి. చాలామంది ఫోన్‌లలో పేరు బదులు ఫోన్ కంపెనీ పేరో, పిల్లల పేరో ఉంటుంది. ఇంట్లో పిల్లల ఆన్‌లైన్ క్లాసులకు వాడిన ఫోన్ అయితే మరీ. మీ పేరు, పక్కన ఊరు లేదా సబ్జెక్టు పెట్టుకోండి. ఊరు పేరు చూసి "మీరూ మా చిత్తూరేనా" అని పలకరించేవాళ్లు దొరుకుతారు, అలా నాకు దొరికిన ఇద్దరు స్నేహితురాళ్లతో ఇప్పటికీ పాఠాల గురించి మాట్లాడుకుంటున్నాం.

నెట్, కరెంటు, ఇల్లు

వీడియోతో జూమ్‌లో గంట కూర్చుంటే సుమారు 800 ఎం.బి. నుంచి రెండు జి.బి. పైదాకా ఖర్చవుతుంది. రోజుకు ఒకటిన్నర జి.బి. ప్యాకు ఉన్నవాళ్లకు రెండు గంటల సెమినార్ మధ్యలోనే డేటా అయిపోవచ్చు. కాబట్టి ఆ రోజు పొద్దున రీల్స్, సినిమాలు ఆపండి. మీ కెమెరా మూసేస్తే కొంత మిగులుతుంది. జూమ్‌లో మోర్ అన్న చోట ఎదుటివాళ్ల వీడియో ఆపే వీలు కూడా ఉంది, అప్పుడు మాటా, వాళ్లు చూపించే స్లైడ్లూ వస్తాయి, ఖర్చు బాగా తగ్గిపోతుంది. పాఠం వినడానికి అవి చాలు. యూట్యూబ్‌లో అయితే క్వాలిటీ 360కి దించండి, గంటకు సుమారు 300 ఎం.బి. దగ్గర తేలిపోతుంది.

కొండల మధ్య ఊళ్లలో ఉండేవాళ్లకు సిగ్నల్ ఎక్కడ బాగా వస్తుందో తెలిసే ఉంటుంది, మిద్దె మీదో, కిటికీ పక్కనో. ముందురోజు సరిగ్గా అదే టైంకు అక్కడ కూర్చుని ఒక వీడియో చూసి పరీక్షించండి. రాష్ట్రం అంచున ఉన్న ఊళ్లలో ఫోన్ ఒక్కోసారి పక్క రాష్ట్రం టవరుకు తగులుకుని సిగ్నల్ ఊగుతుంటుంది, అలాంటిచోట కూర్చునే స్థలం మారిస్తే తేడా తెలుస్తుంది.

కరెంటు పోతే ఇంట్లో వైఫై కూడా పోతుంది. ఫోన్ నిండా ఛార్జ్ చేసి, మొబైల్ డేటా ఉంచుకుంటే అప్పటికప్పుడు దానికి మారవచ్చు. ఇయర్‌ఫోన్ వైరుదైతే మంచిది, మధ్యలో ఛార్జింగ్ అయిపోయే భయం లేదు.

ఇక తిరుపతిలో ఉండేవాళ్లకు చెప్పేదేముంది. మే నెలలో గంగమ్మ జాతర రోజుల్లో, ముహూర్తాలున్న ఆదివారాల్లో కల్యాణమండపాల పక్క వీధుల్లో మైకు తెరిస్తే మేళమే సెమినార్ అంతా వినిపిస్తుంది. వీధి వైపు కాని గది చూసుకోండి. మాట్లాడేటప్పుడు తప్ప మైకు మూసే ఉంచండి. కంప్యూటరులో జూమ్ అయితే స్పేస్ బార్ నొక్కి పట్టుకున్నంతసేపే మైకు తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. ఇది చాలా ఉపయోగం.

మేడమ్‌లకు ప్రత్యేకంగా ఒక మాట. ఆదివారం పది గంటలకు సెమినార్ అంటే మనకు అది వంటింటి టైం. "ఫోన్ చూస్తూ కూర్చుంది" అని ఇంట్లో అనుకోకముందే శనివారం రాత్రే చెప్పేయండి, ఇది మీ ఉద్యోగంలో భాగమని, రెండు గంటలు తలుపు మూసుకుంటారని. నేను మొదట్లో ఒక చెవిలో సెమినార్, ఇంకో చెవిలో కుక్కర్ విజిల్ లెక్క పెట్టుకుంటూ కూర్చునేదాన్ని. రెండూ సరిగా కాలేదు. ఇప్పుడు ఆ ఆదివారాల్లో టిఫిను ఆయన చేస్తారు. ముందే అడిగి ఉండాల్సింది.

ఫోన్‌ను చేత్తో పట్టుకుని రెండు గంటలు కూర్చోలేం. నాలుగు పుస్తకాలు పేర్చి, ఒక స్టీలు గ్లాసుకు ఆనించి, కంటి ఎత్తులో పెట్టండి. వెలుతురు మీ ముఖం మీద పడాలి, కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ముఖం నల్లగా కనపడుతుంది. ఫోన్ కాల్స్ రాకుండా డోంట్ డిస్టర్బ్ పెట్టండి. మధ్యలో కాల్ వస్తే సెమినార్ మాట ఆగిపోతుంది, కొన్ని ఫోన్‌లలో మళ్లీ ఆడియో కలుపుకోవాల్సి వస్తుంది.

ఆ రోజు

పదిహేను నిమిషాల ముందు లింకు నొక్కండి. "హోస్ట్ మిమ్మల్ని లోపలికి అనుమతిస్తారు, ఆగండి" అని అర్థం వచ్చే మాట ఇంగ్లీషులో కనపడితే, అది వెయిటింగ్ రూం. బయట వరండాలో కూర్చున్నట్టు. ఏమీ నొక్కకుండా ఆగండి.

లోపలికి వెళ్లగానే మైకు మూసి ఉందో లేదో చూడండి, మైకు బొమ్మ మీద ఎర్ర గీత ఉంటే మూసినట్టు. చాట్‌లో "నమస్తే, నేను ఫలానా, పాకాల, లెక్కల టీచరు" అని ఒక వాక్యం రాయండి. మొదటి వాక్యం రాసేస్తే రెండోది రాయడం కష్టం కాదు. చాట్ ఎవరికి పోతుందో పైన చూసుకోండి. ఎవ్రీవన్ అని ఉంటే అందరికీ, ఒక పేరు ఉంటే వాళ్లొక్కరికే. పక్క టీచరుకు పంపాలనుకున్న సొంత మాట అందరికీ పోయి బాధపడినవాళ్లను చూశాను. సొంత మాటలు వాట్సాప్‌లోనే ఉంచుకోండి.

కెమెరా తెరవాలా? చిన్న బృందం అయితే మొదట్లోనూ, మీరు మాట్లాడేటప్పుడూ తెరవండి. ముఖం కనపడితే మాట్లాడే ఆయనకు ఉత్సాహంగా ఉంటుంది. ఖాళీ క్లాసుకు పాఠం చెప్పినట్టుంటే ఎంత కష్టమో మనకు తెలియనిదా. నెట్ బలహీనంగా ఉంటే మాత్రం మొహమాటపడకుండా మూసేయండి.

నోట్సు దగ్గర నాకో పద్ధతి కుదిరింది. పేజీని నిలువుగా మూడు భాగాలు చేస్తాను. ఎడమ పక్క ఆయన చెప్పింది, మధ్యలో "మా పిల్లల దగ్గర ఇది ఎలా ఉంటుంది", కుడి పక్క నా ప్రశ్నలు. మధ్య భాగమే విలువైనది. భిన్నాల సెమినార్‌లో ఎడమ పక్క నేను రాసుకున్నది నాలుగు వరుసలే. "30 సెంటీమీటర్ల కాగితం పట్టీ తీసుకోండి. అందులో సగం 15 సెంటీమీటర్లు, మూడో వంతు 10. రెండూ పక్కపక్కన పెడితే 25, అంటే 5/6. మరి పిల్లలు చెప్పే 2/5 ఎంత? 12 సెంటీమీటర్లు." అక్కడ నా కలం ఆగింది. 15కు ఏదో కలిపితే 12 వచ్చిందంటున్నారు మా పిల్లలు. ఆ అసంభవం వాళ్లకు కనపడటం లేదు, నేను చూపించలేదు. మధ్య భాగంలో ఆ మాటే రాసుకున్నాను.

స్లైడ్లన్నీ ఫోటో తీయాలని పరుగులు పెట్టకండి. ఎక్కువమంది తర్వాత పి.డి.ఎఫ్. పంపుతారు. తీయాల్సి వస్తే తీయండి, కానీ వేరే పాల్గొన్నవాళ్ల ముఖాలు, పిల్లల ఫోటోలు ఉన్న తెరను స్టేటస్‌లో పెట్టకండి.

ప్రశ్న అడగడం

ఆ సారు నన్ను అడిగిన వాటిలో అసలైనది ఇది. "నాకు ఇంగ్లీషు గడగడా రాదు మేడం. నోరు తెరిస్తే పరువు పోతుందేమో." ఈ భయం చాలామందికి ఉంది, పైకి చెప్పరు. తెలుగు మీడియంలో చదువుకుని, తెలుగులో పాఠాలు చెప్పి, ఒక్కసారిగా ఇంగ్లీషు సెమినార్‌లో కూర్చుంటే నాలుక పట్టేస్తుంది. దానిలో సిగ్గుపడేది ఏమీ లేదు.

నేను చేసేది చెప్తాను. ప్రశ్నను ముందే తెలుగులో రాసుకుంటాను, మూడు వాక్యాల్లో. ఒకటి, నేనెవరు, ఏ తరగతి. రెండు, పిల్లలు ఏం చేస్తున్నారు. మూడు, నాకు ఏం తెలియాలి. "నేను ఆరో తరగతికి లెక్కలు చెప్తాను. పిల్లలు 1/2 కు 1/3 కలిపి 2/5 అంటున్నారు. పద్ధతి చెప్పేముందు ఏ పని చేయిస్తే ఇది తప్పని వాళ్లకే తెలుస్తుంది?" తెలుగు తెలిసినవాళ్లు నడుపుతుంటే ఇలాగే తెలుగులో అడుగుతాను. లేకపోతే చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలుగా మార్చి చాట్‌లో పెడతాను. చాట్‌లో రాస్తే ఉచ్చారణ బాధ లేదు, ఆలోచించుకుని రాయవచ్చు. మాట్లాడే ఆయనకు కూడా సరైన ఇంగ్లీషు అక్కర్లేదు, సరైన క్లాసు ఉదాహరణ కావాలి. పెద్ద యూనివర్సిటీల్లో ఉన్నవాళ్లకు ఆరో తరగతి పిల్ల పలక మీద ఏం రాసిందో చెప్పగలిగేది మనమే.

నోటితో అడగాలంటే ముందు చెయ్యి ఎత్తే గుర్తు నొక్కండి. మీ పేరు పిలిచాక మైకు తెరిచి "వినపడుతోందా అండీ" అని ఒక్కసారి అడిగి, వెంటనే ప్రశ్నలోకి వెళ్లండి. పొగడ్తలతో రెండు నిమిషాలు తినేస్తే వెనక ఉన్నవాళ్లకు టైం మిగలదు. జవాబు వచ్చాక మైకు మూసి, చెయ్యి దించండి. చెయ్యి దించడం చాలామంది మరిచిపోతారు, అప్పుడు వాళ్లు మళ్లీ మీ పేరే పిలుస్తారు.

మొదటిసారి ఏమీ అడగకుండా వింటూ కూర్చున్నా తప్పు లేదు. రెండోసారికి చాట్‌లో ఒకటి, మూడోసారికి నోటితో. తొందరేం లేదు.

చివరి పది నిమిషాలు

ఇక్కడ లేచిపోతే కష్టం. హాజరు ఫారం, ఫీడ్‌బ్యాక్ ఫారం లింకు చాలావరకు అప్పుడే చాట్‌లో పెడతారు. మీటింగు మూయగానే ఆ చాట్ మీ తెర మీద నుంచి పోతుంది. కాబట్టి లింకు కనపడగానే నొక్కి ఫారం తెరిచి ఉంచండి, లేదా కాపీ చేసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. మధ్యలో బయటికి వెళ్లి మళ్లీ వచ్చినవాళ్లకు పాత చాట్ కనపడకపోవచ్చు, అప్పుడు "లింకు మళ్లీ పెడతారా" అని అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఫారంలో పేరు ముందు రాసిపెట్టుకున్న స్పెల్లింగుతోనే వేయండి, దాన్నే సర్టిఫికెట్ మీద అచ్చు వేస్తారు. వచ్చిన సర్టిఫికెట్లన్నీ ఒక్క ఫోల్డరులో తేదీతో పెట్టుకుంటే ఎప్పుడు ఎవరు అడిగినా వెతుక్కునే పని ఉండదు.

ఫీడ్‌బ్యాక్‌లో "చాలా బాగుంది" అని మాత్రం రాయకండి. ఏది అర్థమైంది, ఏది వేగంగా పోయింది, మన దగ్గర ఏది కుదరదు, అది రాయండి. "మా క్లాసులో అరవైమంది, ఒక్కొక్కరికి కిట్ ఇవ్వలేం" అని రాస్తే వచ్చేసారి దానికి తగ్గట్టు తయారవుతారు.

బడి పనివేళల్లో సెమినార్ ఉంటే ముందుగా హెచ్.ఎం. గారితో మాట్లాడి, అనుమతి కాగితం మీద తీసుకోండి. క్లాసును వదిలేసి ఫోన్‌తో మూల కూర్చోవడం పిల్లలకు అన్యాయం. వీలైతే సాయంత్రం, ఆదివారం జరిగేవే ఎంచుకోండి, లేదా రికార్డింగు ఇస్తారేమో అడగండి.

ఆ తర్వాత సోమవారం

సెమినార్ అయిన రోజే, నిద్రపోకముందు, నోట్సులోంచి ఒకే ఒక్క పని తీయండి. రెండు వద్దు. ఆ పనికి ఏ సామాను కావాలో, ఏ పీరియడులో చేయాలో రాసుకోండి. వారం దాటితే నోట్సు అలాగే ఉండిపోతుంది, నా దగ్గర అలా ఉండిపోయిన పేజీలు ఉన్నాయి కాబట్టి చెప్తున్నాను. చేసి చూశాక బాగా వచ్చినా రాకపోయినా కాంప్లెక్స్ మీటింగులో పది నిమిషాలు తోటివాళ్లకు చెప్పండి. సెమినార్‌కు రాలేనివాళ్లకు అది మీ నోటి నుంచే చేరుతుంది.

నేను ఆ ఆదివారం రాత్రి పాత క్యాలెండరు కాగితాలు కత్తిరించి 30 సెంటీమీటర్ల పట్టీలు చేశాను. సోమవారం ఆరో తరగతిలో ఇద్దరికి మూడు పట్టీల చొప్పున ఇచ్చి ఒకదాన్ని సగం మడవమన్నాను, ఇంకో పట్టీలో మూడో వంతు, ఇంకోదాంట్లో 12 సెంటీమీటర్లు కొలిచి కత్తిరించమన్నాను. ఆ మూడోది వాళ్లు రాసిన 2/5 అని చెప్పాను. సగం పట్టీ మీద దాన్ని పెట్టి చూడమన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత కిటికీ పక్కన కూర్చునే ఒక అమ్మాయి, "మేడం, కలిపితే తగ్గిపోయిందే!" అంది. క్లాసంతా తమ తమ పట్టీలు మళ్లీ కొలుచుకున్నారు.

బెల్లు కొట్టాక ఆ పిల్లే టేబుల్ దగ్గరికి వచ్చింది. "మేడం, మేం కలిపినట్టు కలిపితే 1/4 కు 1/4 కలిపితే 2/8 వస్తుంది. 2/8 అంటే మళ్లీ 1/4 ఏ కదా. మరి రెండో 1/4 ఎక్కడికి పోయినట్టు?" అని అడిగింది. దాన్ని రేపు బోర్డు మీద రాయమని చాక్‌పీసు ఇచ్చి పంపాను.